పండుగ చేసేవారిదా, చూసేవారిదా?

సెలవు దొరికితే ఊరు దాటేవారి సంఖ్య ఈ డెబ్బై ఏళ్ళలో ఊహకందనంతగా పెరిగింది. ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ లెక్కల ప్రకారం 1950లో దేశ సరిహద్దులు దాటిన యాత్రలు రెండున్నర కోట్లు మాత్రమే. 2019 నాటికి అవి దాదాపు 146 కోట్లకు చేరాయి. కరోనా మూలంగా 2020లో నలభై కోట్ల స్థాయికి పడిపోయినా, 2024లో మళ్ళీ 140 కోట్లకు వచ్చాయి. సౌదీ అరేబియా సైతం 2019 సెప్టెంబరు నుంచి పర్యాటక వీసాలు ఇవ్వడం మొదలుపెట్టింది.

వీరంతా ఏం చూడటానికి వెళుతున్నారు? ఒకప్పుడు కోటలు, సమాధులు, సముద్రతీరాలు చూసి తిరిగివచ్చేవారు. ఇప్పుడు చాలామందికి అది చాలడం లేదు. ఆ ఊరివాళ్ళు ఏం తింటారో, ఎలా బతుకుతారో, ముఖ్యంగా పండుగ ఎలా చేసుకుంటారో చూడాలన్నది కొత్త కోరిక. పర్యాటక శాఖలు పండుగల క్యాలెండర్లు వేస్తున్నాయి. ట్రావెల్ కంపెనీలు పండుగ తేదీని బట్టి ప్యాకేజీలు అమ్ముతున్నాయి. ఆ కోరికలో తప్పేమీ లేదు. అయితే కోటను ఎంతమంది చూసినా దాని గోడ తీరు మారదు. పండుగ అలా కాదు, అది మనుషులు చేసే పని. చూసేవాళ్ళు పెరిగేకొద్దీ చేసేవాళ్ళ తీరు మారుతుంది. ఈ మార్పు ఎంతవరకు మంచిది, ఎక్కడ ఆగాలి అన్నది మన పాఠకులూ ఆలోచించవలసిన విషయం. ఎందుకంటే ఈ ప్రశ్న నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టు దాకా, హైదరాబాద్ చార్మినార్ దాకా వచ్చింది.

ప్రయాణం మనకు కొత్త కాదు

భూమ్మీద తిరిగి చూడమని దివ్య ఖురాన్ పలుచోట్ల చెబుతుంది. అల్ అన్కబూత్ సూరా 20వ ఆయతు వాటిలో ఒకటి. సృష్టి ఎలా ఆరంభమైందో గ్రహించడానికి ప్రయాణం ఒక సాధనమన్నది అందులోని భావం. యాత్రలో వ్యాపారం చేసుకోవడం కూడా నిషిద్ధం కాదు. హజ్ కాలంలో సైతం జీవనోపాధి వెతుక్కోవడం దోషం కాదని అల్ బఖరా సూరా 198వ ఆయతు వల్ల తెలుస్తుంది. కనుక యాత్రికుణ్ణి చూసి ముఖం చిట్లించడం గానీ, పండుగ దగ్గర నాలుగు డబ్బులు సంపాదించుకునే చిరువ్యాపారిని తప్పుపట్టడం గానీ మన పద్ధతి కాదు.

1304లో టాంజియర్ నగరంలో పుట్టి, 1325లో హజ్ కోసం బయలుదేరి, దాదాపు ముప్పై ఏళ్ళు దేశాలు తిరిగిన ఇబ్నె బతూతా పేరు మనలో చాలామంది విన్నదే. ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఖాజీగా పనిచేసిన ఈ యాత్రికుడు, అంతకు ముందు 1330వ దశకం తొలి ఏళ్ళలో నేటి టర్కీ ప్రాంతమంతా తిరిగాడు. అక్కడ దెనిజ్లీ అనే ఊళ్ళో జరిగిన సంగతి ఆయన రాసిపెట్టాడు. ఊళ్ళో అడుగుపెట్టగానే బజారులోని దుకాణాల నుంచి కొందరు దిగివచ్చి వీళ్ళ గుర్రాల కళ్ళేలు పట్టుకున్నారు. అంతలో మరో గుంపు వచ్చి వాళ్ళతో గొడవకు దిగింది. కత్తులు కూడా బయటికి వచ్చాయి. భాష తెలియని ఇబ్నె బతూతా వీళ్ళు దోపిడీ దొంగలేమోనని భయపడ్డాడు. తీరా అరబ్బీ తెలిసిన ఒక హాజీ వచ్చి చెబితే అసలు సంగతి బయటపడింది. ఆ రెండు గుంపులూ 'అఖీ'లు అనే సోదర సంఘాలవారు. అతిథులు మా దగ్గర దిగాలంటే మా దగ్గర దిగాలని వాళ్ళ పోట్లాట! చివరికి చీట్లు వేసి తేల్చుకున్నారు.

అదే ఊళ్ళో ఆయనకు ఈదుల్ ఫిత్ర్ వచ్చింది. సుల్తాను తన సైన్యంతో, అఖీలు తమ ఆయుధాలతో, ప్రతి చేతివృత్తివారూ తమ జెండాలు, బూరలు, డోళ్ళతో ఈద్గాహ్‌కు కదిలారట. ఆవులను, గొర్రెలను, రొట్టెలను వెంట తెచ్చి, ఖబరస్తాన్ దగ్గర జిబహ్ చేసి, మాంసాన్నీ రొట్టెలనూ దానం చేశారట. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ పండుగ ఆయన కోసం చేసింది కాదు. ఆయన ఆ ఊరు రాకపోయినా ఆ రోజు ఆ రొట్టె పేదవాడి చేతికి చేరేదే. ఆయన చూశాడు, సంతోషించాడు, రాసిపెట్టాడు.

ఈ సంగతిలోనే మనకు ఒక కొలత దొరుకుతుంది. రేపటి నుంచి యాత్రికుడు రావడం మానేస్తే ఈ పండుగ జరుగుతుందా, జరగదా? జరుగుతుందంటే అది ఇంకా చేసేవారిదే. జరగదంటే అది చూసేవారి సొత్తయిపోయిందన్నమాట. ఈ కొలత పట్టుకుని నేటి ప్రపంచంలో కొన్ని ఊళ్ళు చూద్దాం.

టికెట్ పెట్టిన 'సమా'

ఇబ్నె బతూతా అదే ప్రయాణంలో చూసిన మరో ఊరు కొన్యా. మస్నవీ రచించిన మౌలానా జలాలుద్దీన్ రూమీ సమాధి ఉన్న ఊరు. మౌలానా కన్నుమూసింది 1273 డిసెంబరు 17న. హిజ్రీ లెక్కన 672 జమాదుల్ ఆఖిర్ 5. ఆయన సిల్‌సిలాలోని దర్వేషులు తెల్లటి వస్త్రాలతో గిరగిరా తిరుగుతూ చేసే 'సమా' ప్రపంచ ప్రసిద్ధం.

టర్కీ ప్రభుత్వం 1925లో దేశంలోని ఖాన్‌ఖాహ్‌లన్నిటినీ మూసివేసింది. మౌలానా దర్గాహ్ 1927లో మ్యూజియంగా తెరుచుకుంది. 1950వ దశకంలో 'సమా'ను మళ్ళీ అనుమతించారు. అయితే ఆరాధనగా కాదు, జనం ముందు ప్రదర్శనగా. ఒకప్పుడు దర్వేషు కావాలంటే 1001 రోజులు ఖాన్‌ఖాహ్‌లో ఉండి, అక్కడి సేవ చేస్తూ, అదబు, సంగీతం, జిక్ర్ నేర్చుకోవాలి. ఇప్పుడు పెద్ద ప్రేక్షక మందిరంలో కుర్చీలు, దీపాలు, టికెట్లు. యునెస్కో 2005లో ఈ 'సమా'ను మానవాళి వారసత్వంగా ప్రకటించి, 2008లో తన జాబితాలో చేర్చింది. యాత్రికుల కోసం దీన్ని కుదించి, తేలిక చేసి చూపిస్తున్నారని ఆ సంస్థే తన వివరణలో ఒప్పుకోవడం గమనార్హం.

మరో విషయం తేదీ. మన ఉరుసులు చంద్రుని లెక్కన ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతాయి. రజబ్ నెలవంక కనబడితేనే అజ్మీరులో ఖ్వాజా గరీబ్ నవాజ్ ఉరుసు. కొన్యాలో మాత్రం మౌలానా సంస్మరణ ఏటా డిసెంబరు 7 నుంచి 17 వరకు స్థిరపడిపోయింది. టర్కీ 1926 నుంచి అధికారికంగా ఇంగ్లీషు పంచాంగమే పాటిస్తున్నది గనుక దీనికి కారణం పర్యాటకం ఒక్కటే అనలేం. కానీ హోటలు గది, విమానం టికెట్ నెలల ముందే తీసుకునేవారికి ఇంతకంటే అనుకూలం ఏముంది?

మన కొలతతో చూస్తే ఇక్కడ జవాబు రెండు విధాలుగా వస్తుంది. యాత్రికులు రాకపోతే మందిరంలో ప్రదర్శన ఆగిపోతుంది. మౌలానాను ప్రేమించేవారి జిక్ర్ మాత్రం ఆగదు. నిషేధం ఉన్న ఏళ్ళలోనూ అది ఇళ్ళల్లో సాగింది. రెండింటికీ ఒకటే పేరు ఉండటమే చిక్కు. దూరం నుంచి వచ్చినవాడు మొదటిది చూసి, రెండోది చూశాననుకుని వెళ్ళిపోతాడు.

సినిమా నుంచి పుట్టిన ఊరేగింపు

కొన్యాలో ఉన్న ఆచారం ప్రదర్శనగా మారింది. మెక్సికోలో ఇంకా చిత్రమైన పని జరిగింది. అక్కడివారు ఏటా నవంబరు 1, 2 తేదీల్లో చనిపోయిన తమవారిని తలచుకుంటారు. ఇంట్లో ఒక మూల బల్ల వేసి, పోయినవారి ఫోటోలు పెట్టి, వారికి ఇష్టమైన వంటలు, దీపాలు, బంతిపూలు అమరుస్తారు. రాత్రి సమాధుల దగ్గరకు వెళ్ళి కూర్చుంటారు. మనం దసరాకూ బతుకమ్మకూ చూసే బంతిపూవు అసలు పుట్టినిల్లు ఆ దేశమే. వారి మతం వేరు, విశ్వాసం వేరు. అయినా షబేబరాత్ రాత్రి తండ్రి ఖబరు దగ్గర నిలబడి ఫాతిహా చదివిన వారెవరికైనా, ఆ సమాధి దగ్గర కూర్చున్న మనిషి మనసు అర్థం కాకపోదు.

2015లో 'స్పెక్టర్' అనే జేమ్స్ బాండ్ సినిమా వచ్చింది. అందులో మెక్సికో నగర వీధుల్లో ఈ పండుగ సందర్భంగా పుర్రె ముసుగులతో, భారీ బొమ్మలతో బ్రహ్మాండమైన ఊరేగింపు సాగుతుంది. నిజానికి ఆ నగరంలో అలాంటి ఊరేగింపు ఎన్నడూ లేదు. అది సినిమావాళ్ళ కల్పన. కానీ సినిమా చూసినవాళ్ళు ఆ ఊరేగింపు కోసం వస్తారని తలచి, 2016 అక్టోబరులో నగర పాలకులు నిజంగానే ఊరేగింపు తీశారు. నాటి నుంచి అది అక్కడి ఆనవాయితీలలో ఒకటైపోయింది.

ఊరేగింపు వల్ల కొందరికి పని దొరికింది, నగరానికి ఆదాయం వచ్చింది. కాదనలేం. కానీ పండుగ ఏది? తల్లి ఫోటో ముందు దీపం పెట్టిన ఇల్లాలిదా, వీధిలో కదిలే బొమ్మదా? యాత్రికుడు రాకపోతే బొమ్మ గోదాములోకి వెళుతుంది. దీపం మాత్రం ఆ ఇంట్లో వెలుగుతూనే ఉంటుంది. ఇప్పటికైతే అలాగే ఉంది. ఆ ఇంటి పిల్లలు రేపు పెద్దవాళ్ళయి, పండుగంటే వీధిలో చూసే బొమ్మేనని అనుకుంటే అప్పుడు నష్టం జరిగినట్టు.

యాత్రికులు పోయినా ఆగని పండుగ

ఇప్పుడు దీనికి పూర్తిగా భిన్నమైన ఊరు. ఇబ్నె బతూతా చివరి పెద్ద ప్రయాణం 1352లో పశ్చిమ ఆఫ్రికాలోని మాలి రాజ్యానికి. నేటి మాలి దేశంలో జెన్నె అనే పట్టణం ఉంది. అక్కడి జామె మస్జిద్ పూర్తిగా మట్టితో కట్టినది. పాత మస్జిద్ ఉన్నచోటే 1907లో ఇప్పటి కట్టడం లేచింది. మట్టి కట్టడాల్లో ప్రపంచంలోకెల్లా పెద్దదని దానికి పేరు. 1988లో జెన్నె పట్టణం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

మట్టి గోడ వానకు కరిగిపోతుంది. కనుక ఏటా వానాకాలం రాకముందే ఊరంతా కలిసి మస్జిద్‌కు కొత్త పూత వేస్తుంది. రోజు నిర్ణయించేది ఊరి పెద్దలు, మేస్త్రీలు. బురదలో ఊక కలిపి కొన్నాళ్ళు నానబెడతారు. గోడల్లోంచి పొడుచుకువచ్చే తాటి దూలాలే ఎక్కడానికి మెట్లు. యువకులు పేటలవారీగా పోటీపడి తట్టలు మోస్తారు. స్త్రీలు, ఆడపిల్లలు నీళ్ళు తెస్తారు. పిల్లలు బురద తొక్కుతారు. ముసలివారు కూర్చుని తప్పులు ఎంచుతారు! కూలి లేదు. అదే ఆ ఊరికి పండుగ.

ఈ పూత పండుగ చూడటానికి విదేశీయులు బాగా వచ్చేవారు. 1996లో ఒక విదేశీ ఫ్యాషన్ పత్రికవారు మస్జిద్‌లో దుస్తుల ఫోటోలు తీయడంతో ఊరివారి మనసు నొచ్చుకుంది. ఆ తరువాత ముస్లిమేతర యాత్రికులకు మస్జిద్ లోపలికి ప్రవేశం ఆపివేశారు. వీధిలో నిలబడి పూత పండుగ చూడటానికి మాత్రం అడ్డు చెప్పలేదు. అంటే తలుపు ఎంతవరకు తెరవాలో ఇంటివాళ్ళే నిర్ణయించుకున్నారు.

2012లో మాలి దేశంలో యుద్ధం, అశాంతి మొదలయ్యాయి. విదేశీ యాత్రికుల రాక దాదాపు నిలిచిపోయింది. గైడ్లు, హోటళ్ళవాళ్ళు బతుకుతెరువు కోల్పోయారు. 2016లో యునెస్కో జెన్నెను ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో పెట్టింది. ఆ ఊరివారి కష్టం చిన్నది కాదు. కానీ పూత పండుగ ఆగలేదు. ఎందుకాగుతుంది? కెమెరాలు ఉన్నా లేకున్నా వాన వస్తుంది, గోడ కరుగుతుంది, నమాజు చదవాలి. పని కోసం పుట్టిన పండుగ ఆ పని ఉన్నంతకాలం బతుకుతుంది. మన కొలతకు జెన్నె ఇచ్చిన జవాబు ఇది.

చేసేవారే ఊళ్ళో మిగలకపోతే ఏమవుతుందో ఇటలీలోని వెనిస్‌ను చూస్తే తెలుస్తుంది. 1797లో వెనిస్ రాజ్యం కూలిన తరువాత అక్కడి ముసుగుల కార్నివాల్ అణగారిపోయింది. దాన్ని 1979లో తిరిగి లేవనెత్తారు. చూడటానికి లక్షలాదిగా వస్తున్నారు. కానీ 1950వ దశకం తొలినాళ్ళలో లక్షా డెబ్బై వేలు దాటి ఉన్న పాత నగర జనాభా 2022లో యాభై వేల కిందికి పడిపోయింది. ఇళ్ళు యాత్రికుల బసలుగా మారాయి, అద్దెలు పెరిగాయి, కాపురముండేవారు వెళ్ళిపోయారు. 2024 ఏప్రిల్ 25 నుంచి కొన్ని రోజుల్లో ఒకపూట చూసిపోయేవారి దగ్గర అయిదు యూరోల ప్రవేశ రుసుము వసూలు చేయడం మొదలుపెట్టారు. ఊరికి టికెట్ పెట్టవలసిన పరిస్థితి వచ్చిందంటే ఎంత దూరం వెళ్ళిందో ఊహించుకోవచ్చు.

మన ముంగిట

ఇక మన సంగతి. నెల్లూరులో బారాషహీద్ దర్గాహ్ దగ్గర ముహర్రం నెలలో జరిగే రొట్టెల పండుగ తెలియని తెలుగువారు ఉండరు. కోరిక తీరినవారు రొట్టె తెచ్చి ఇస్తారు, కోరిక ఉన్నవారు పుచ్చుకుంటారు. స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె అని పిలిచి మార్చుకుంటారు. ఎవరు హిందువు, ఎవరు ముస్లిం అని అడిగేవారు లేరు. కోరిక తీర్చేది అల్లాహ్ ఒక్కడే గనుక ఈ ఆచారం విషయంలో ఉలమాల అభ్యంతరాలు పాఠకులకు తెలిసినవే. ఆ చర్చ వేరు. ఇక్కడ మాట్లాడుకుంటున్నది ఆ నీళ్ళలో నిలబడిన మనుషుల గౌరవం గురించి.

రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా గుర్తించింది. ఘాట్లు, తాగునీరు, మరుగుదొడ్లు, బస్సులు వచ్చాయి. లక్షల జనం చేరేచోట ఇవి అవసరం, సంతోషించవలసినవి. కానీ జనంతోపాటు కెమెరాలూ వచ్చాయి. పెళ్ళయి పదేళ్ళయినా బిడ్డలు లేని ఇల్లాలు అత్తగారికి కూడా చెప్పకుండా బస్సెక్కి వచ్చి, తడిసిన చీర కొంగుతో సంతాన రొట్టె కోసం చెయ్యి చాపుతుంది. ఆ క్షణంలో ఎవరో ఫోను ఎత్తి ఆమె ముఖాన్ని తీస్తారు. సాయంత్రానికి అది ఆమె ఊరివాళ్ళ ఫోన్లలో ఉంటుంది. ఫోటో తీసినవాడికి అది ఒక అందమైన దృశ్యం. ఆమెకు అది వీధిన పడిన రహస్యం. మరుసటి ఏడాది ఆమె రాదు. ఆమెలాంటివారు ఒక్కొక్కరే మానేస్తే చివరికి చెరువు గట్టున మిగిలేది చూడవచ్చినవారే.

హైదరాబాద్ సంగతి మరో విధం. 2010లో హైదరాబాద్ హలీమ్‌కు జీఐ గుర్తింపు వచ్చింది. రంజాన్ రాత్రుల్లో చార్మినార్, మదీనా, పత్తర్‌గట్టీ ప్రాంతాలకు నగరం నలుమూలల నుంచీ, ఇతర రాష్ట్రాల నుంచీ జనం వస్తున్నారు. అన్ని మతాలవారూ ఒక గిన్నె ముందు కూర్చోవడం మంచిదే. వచ్చినవారికి తినిపించడం మన సంప్రదాయమే. అయితే ఆలోచించండి. రంజాన్ చివరి పది రాత్రులు లైలతుల్ ఖద్ర్‌ను వెతుక్కునే రాత్రులు. లాడ్ బజార్ గాజుల దుకాణంలో, హలీమ్ భట్టీ దగ్గర, దర్జీ మిషను ముందు పనిచేసే కుర్రాడికి మాత్రం అవే బేరం ముదిరే రాత్రులు. ఊరంతా రంజాన్ చూడటానికి వచ్చిన వేళ, ఆ రంజాన్‌ను నిలబెడుతున్న కుర్రాడికి తరావీహ్ చదివే గంట తీరిక దొరకదు. ఇది శోచనీయం. దీనికి వచ్చినవారిని తప్పుపట్టి లాభం లేదు. తేల్చవలసింది దుకాణం యజమాని, ఆయన మనవాడే.

అతిథికీ హద్దు ఉంది

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లం) అతిథి మర్యాద మూడు రోజులని బోధించారు. ఆతిథ్యమిచ్చిన మనిషిని ఇబ్బంది పెట్టేదాకా అతిథి అక్కడ ఉండిపోకూడదని కూడా హెచ్చరించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఈ బోధన ఉంది. మన వక్తలు మొదటి సగమే ఎక్కువగా చెబుతారు. నేటి పర్యాటకానికి రెండో సగం మరింత అవసరం. ఇంటివాడికి విధి ఉన్నట్టే అతిథికీ హద్దు ఉంది.

దీన్నిబట్టి ఇంటివాళ్ళుగా మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. దర్గాహ్ కమిటీలు, ముతవల్లీలు ఏర్పాట్ల సమావేశంలో దీపాలు, మైకుల గురించి మాట్లాడినంతగా స్త్రీలు నీళ్ళలో దిగే చోట కెమెరాకు అనుమతి లేదన్న ఒక్క బోర్డు గురించి, దాన్ని అమలుచేసే ఇద్దరు మహిళా వాలంటీర్ల గురించి మాట్లాడాలి. జెన్నెవాళ్ళు మస్జిద్ తలుపు దగ్గర గీత గీసుకోగా లేనిది మనం ఘాటు దగ్గర గీసుకోలేమా? బజారు పెద్దలు రంజాన్‌కు ముందే కూర్చుని, ఇషా, తరావీహ్ వేళ పనివారికి వంతులవారీగా సెలవు ఇచ్చేలా తీర్మానించుకోవాలి. నెలవంకను బట్టి వచ్చే రోజును సౌకర్యం కోసం ఆదివారానికి జరపమని ఎవరైనా అడిగితే, మర్యాదగానే కాదనాలి.

అలాగే మనమూ యాత్రికులమేనని మరచిపోకూడదు. ఇవాళ ఉమ్రా ప్యాకేజీకి ఇస్తాంబుల్, కొన్యా జతచేసి వెళ్ళే తెలుగు కుటుంబాలు ఉన్నాయి. పిల్లలు గల్ఫ్‌లోనో, అమెరికాలోనో ఉంటే తల్లిదండ్రులు విమానం ఎక్కుతున్నారు. పక్క జిల్లాలో జాతరకో, పీర్ల పండుగకో, బతుకమ్మకో కారులో వెళ్ళి చూసివచ్చేవారికి లెక్కలేదు. వెళ్ళినచోట ముందు సలాము, తరువాత అనుమతి, ఆ తరువాతే ఫోటో. ఏడుస్తున్నవారిని, ప్రార్థనలో ఉన్నవారిని, పసిపిల్లల్ని తీయకూడదు. అక్కడి చిన్న దుకాణంలో కొనాలి, బేరం మరీ గీసి ఆడకూడదు. అన్నం పెడితే కూర్చుని తినాలి. మనది కాని ఆరాధనలో పాల్గొనకపోయినా, దాన్ని వేళాకోళం చేయకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంట్లో జరగాలి. ఈద్ ఉదయం పిల్లవాడి చేత ఫిత్రా ధాన్యం కొలిపించి, పక్కవీధి వితంతువు ఇంటికి వాడి చేతనే పంపించండి. షీర్ ఖుర్మా గిన్నె పొరుగున ఉన్న హిందూ ఇంటికి ఆడపిల్ల చేత పంపించండి. వాళ్ళు పెద్దయ్యాక ఏ దేశంలో ఉన్నా, చూడటానికి ఎవరూ రాకపోయినా, ఆ ధాన్యం కొలుస్తారు, ఆ గిన్నె పంపుతారు. పండుగను చేసేవారి చేతుల్లో ఉంచే మార్గం ఇదే.